నాయకత్వానికి తొలిమెట్టు ఆత్మసంస్కరణ



దివ్యఖుర్‌ఆన్‌లోని అల్ ఫుర్‌ఖాన్ సూరా చివరి భాగంలో కరుణామయుని దాసుల గుణగణాలు వరుసగా వివరించబడ్డాయి. వారు నేలపై వినమ్రంగా నడుస్తారు. మూర్ఖులు వాదానికి దిగితే సలాం చెప్పి తప్పుకుంటారు. రాత్రివేళ తమ ప్రభువు సన్నిధిలో సజ్దా చేస్తూ, నిలబడి నమాజు చేస్తూ గడుపుతారు. ఖర్చు విషయంలో దుబారాకు పోరు, పిసినారితనమూ చూపరు. అన్యాయంగా ప్రాణం తీయరు, వ్యభిచారం జోలికి పోరు, అబద్ధపు సాక్ష్యం ఇవ్వరు. తప్పు జరిగితే తౌబా చేసుకుని తమ నడవడిని దిద్దుకుంటారు. ఇన్ని గుణాలు చెప్పిన తరువాత, చిట్టచివర వారు చేసే ఒక దుఆ ప్రస్తావన వస్తుంది (25:74). తమ ఆలుబిడ్డలను తమ కంటికి చలువగా చేయమనీ, దైవభీతిపరులకు తమను ఇమాములుగా చేయమనీ వారు అల్లాహ్‌ను వేడుకుంటారు.

ఈ వరుసను కాస్త నిదానంగా గమనించండి. ముందు నడక, మాట, రాత్రి వేళ, డబ్బు, సాక్ష్యం. తరువాత ఇల్లు. ఆ తరువాతే నాయకత్వం. కాని నేడు మనలో చాలామంది ఈ వరుసను తలకిందులు చేస్తున్నారు. ముందు పదవి కావాలి, మైకు కావాలి, కమిటీలో పేరుండాలి. ఇంటి సంగతి తరువాత చూసుకోవచ్చు. ఇక తన సంగతి చూసుకునే తీరికే ఉండదు. పునాది తవ్వకుండా పైకప్పు వేయబోయే మేస్త్రీని చూసి మనం నవ్వుతాం. మరి మనం చేస్తున్నదేమిటి?

పరీక్ష తరువాతే పట్టం

హజ్రత్ ఇబ్రాహీం (అలై) గాథ కూడా మనకు ఇదే నేర్పుతుంది. ఆయన ప్రభువు ఆయన్ను కొన్ని విషయాలలో పరీక్షించాడు. ఆయన వాటన్నిటినీ నెరవేర్చారు. అప్పుడే అల్లాహ్ ఆయన్ను మానవాళికి ఇమాముగా నియమిస్తున్నానని ప్రకటించాడు (2:124). తన సంతానం సంగతేమిటని ఆయన అడిగితే, దుర్మార్గులకు ఈ వాగ్దానం వర్తించదని జవాబు వచ్చింది. అంటే నాయకత్వం తండ్రి ఆస్తిలా వారసత్వంగా సంక్రమించేది కాదు. ఇస్రాయీల్ సంతతి నాయకుల ప్రస్తావన వచ్చినచోట కూడా వారు సహనం వహించి, దైవసూచనలను దృఢంగా నమ్మినప్పుడే అల్లాహ్ వారిని మార్గదర్శకులుగా చేశాడని తెలుపబడింది (32:24).

నాకు పదవీ లేదు, అధికారమూ లేదు, ఈ మాటలు నాకెందుకని ఎవరైనా అనుకోవచ్చు. అలా అనుకోవడానికి వీల్లేదు. మీలో ప్రతి ఒక్కరూ కాపరే, తన మంద గురించి ప్రతి ఒక్కరూ జవాబు చెప్పుకోవలసి ఉంటుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. పాలకుడు తన ప్రజలకు కాపరి. పురుషుడు తన ఇంటివారికి కాపరి. స్త్రీ తన భర్త ఇంటికీ, పిల్లలకూ కాపరి. సేవకుడు సైతం తన యజమాని సొమ్ముకు కాపరే. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఇక నాయకత్వం నుంచి తప్పించుకున్నవారెవరు? తమ్ముడి చేయి పట్టుకుని మద్రసాకు తీసుకెళ్ళే పదేళ్ళ అక్క కూడా ఆ కాసేపు నాయకురాలే.

అయితే ఈ బాధ్యత ఎంత బరువైనదో కూడా ప్రవక్త (స) తెలియజేశారు. హజ్రత్ అబూజర్ (రజి) గొప్ప దైవభక్తుడు. ఆయన ఒకసారి తనకేదైనా అధికార బాధ్యత అప్పగించమని అడిగారు. ప్రవక్త (స) ఆయన భుజం తట్టి, నువ్వు బలహీనుడివి, ఇది అమానతు, దీన్ని హక్కుగా పొంది సరిగా నిర్వర్తించినవారికి తప్ప మిగతావారికి ప్రళయదినాన ఇది అవమానమూ, పశ్చాత్తాపమూ అవుతుందని నచ్చజెప్పారు. తనను ప్రేమించే మనిషికి, తాను ప్రేమించే మనిషికి ఆయన ఇచ్చిన సలహా ఇది. పదవి కోసం పోటీపడే మనం ఈ ఒక్క సంఘటన గుర్తుంచుకుంటే చాలు.

తనను తాను మార్చుకున్న ఖలీఫా

ఆత్మసంస్కరణ మనిషిని ఎలాంటి నాయకుడిగా మలుస్తుందో తెలియాలంటే హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) జీవితాన్ని చూడాలి. ఆయన ఉమయ్యా రాజవంశీకుడు. తల్లి తరఫున హజ్రత్ ఉమర్ ఫారూఖ్ (రజి) మనవరాలి కొడుకు. యౌవనంలో ఆయన భోగాలకు లోటు లేదు. ఖరీదైన దుస్తులు, దూరం నుంచే గుప్పుమనే సుగంధాలు. ఆయన ఠీవిగా నడిచే తీరును జనం అనుకరించేవారని చరిత్రకారులు వ్రాశారు. హి.శ. 87లో (క్రీ.శ. 706) ఆయన మదీనా గవర్నరయ్యారు. రాగానే నగరంలోని పదిమంది ధర్మవేత్తలను పిలిపించి, మీ సలహా లేకుండా ఏ నిర్ణయమూ తీసుకోను, నా అధికారులెవరైనా అన్యాయం చేస్తే నాకు చెప్పండని కోరారు. మంచి ఆరంభమే.

కాని ఆ పదవిలోనే ఆయన జీవితాన్ని కుదిపేసిన సంఘటన ఒకటి జరిగింది. ఖలీఫా వలీద్ ఆజ్ఞ మేరకు ఆయన ఖుబైబ్ బిన్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్‌ను కొరడాలతో కొట్టించారు. చలిలో ఆయనపై చన్నీళ్ళు పోయించారు. ఖుబైబ్ ప్రాణాలు విడిచారు. పైవారి ఆజ్ఞను పాటించాను, నా తప్పేమీ లేదని చెప్పుకోవడానికి ఆయనకు అవకాశం ఉంది. లోకం ఒప్పుకునేది కూడా. కాని ఆయన మనస్సు ఒప్పుకోలేదు. ఆ తరువాత ఎవరైనా ఆయన మంచితనాన్ని మెచ్చుకుని పరలోక శుభవార్త చెప్పబోతే, దారిలో ఖుబైబ్ అడ్డుగా ఉండగా అదెలా సాధ్యమని దుఃఖించేవారు. జీవితాంతం ఆ బాధ ఆయన్ను వీడలేదు.

సోదరులారా! ఇక్కడ మనం నేర్చుకోవలసింది ఉంది. చేసిన తప్పుకు సాకు వెతుక్కున్నవాడు అక్కడే ఆగిపోతాడు. ఆ తప్పును తనదిగా భుజాన వేసుకుని అల్లాహ్ ముందు ఏడ్చినవాడు మారతాడు. ఒక జాతి తన ఆంతర్యంలో మార్పు తెచ్చుకోనంతవరకు అల్లాహ్ దాని పరిస్థితిని మార్చడని ఖుర్‌ఆన్ బోధిస్తున్నది (13:11). జాతి అంటే మనుషులే కదా! మార్పు ఏదో ఒక మనిషి గుండెలోనే మొదలవ్వాలి.

మొదటి కత్తిరింపు తన పత్రాలకే

హి.శ. 99లో (క్రీ.శ. 717) ఖలీఫా సులైమాన్ మరణించారు. ఆయన వీలునామాలో ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ పేరు ఉంది. రాజలాంఛనాలతో అలంకరించిన గుర్రాలను తెచ్చి నిలబెడితే వాటిని తిప్పిపంపి, తన సొంత కంచరగాడిదనే తెమ్మన్నారు. తరువాత ప్రజల ముందు నిలబడి, నా అభిప్రాయమూ మీ అభిప్రాయమూ తీసుకోకుండానే ఈ భారం నాపై మోపబడింది, మీ మెడలోని ప్రమాణాన్ని తీసేస్తున్నాను, మీకు నచ్చినవారిని ఎన్నుకోండని ప్రకటించారు. మాకు మీరే కావాలని ప్రజలు ఒక్క గొంతుతో అన్నారు.

ఆ రోజు ఖలీఫా అంత్యక్రియల పనులతో అలసిపోయి ఆయన కాసేపు నడుం వాల్చబోయారు. కుమారుడు అబ్దుల్ మలిక్ వచ్చి, అన్యాయంగా లాక్కున్న సొత్తులను వాటి హక్కుదారులకు అప్పగించకుండానే నిద్రపోతారా అని అడిగాడు. రాత్రంతా మేల్కొని ఉన్నాను, జుహ్ర్ తరువాత చూస్తానన్నారు తండ్రి. జుహ్ర్ దాకా మీరు బ్రతికి ఉంటారని హామీ ఎవరిచ్చారని అడిగాడు కొడుకు. ఖలీఫా లేచి కొడుకును దగ్గరకు తీసుకుని నుదుట ముద్దుపెట్టుకున్నారు. ధర్మకార్యంలో తనకు తోడ్పడే బిడ్డను ప్రసాదించినందుకు అల్లాహ్‌ను స్తుతించారు. ఆ వెంటనే బయలుదేరారు. కొడుకు ప్రశ్నిస్తే కోపం తెచ్చుకునే తండ్రులారా, ఈ ఘట్టాన్ని గుర్తుంచుకోండి.

రాజకుటుంబీకులు ఆక్రమించుకున్న ఆస్తులను వాపసు చేయించడం ఆయన ముందున్న అతి కష్టమైన పని. దాన్ని ఆయన ఇతరులతో మొదలుపెట్టలేదు. తనకు సంక్రమించిన భూముల పత్రాలు తెప్పించి, సేవకుడు ముజాహిం ఒక్కొక్కటే చదువుతుంటే వాటిని కత్తెరతో కత్తిరించి పారేశారు. తరువాత ఇంటికి వెళ్ళారు. ఆయన భార్య ఫాతిమా ఖలీఫా కూతురు, ఖలీఫాల చెల్లెలు. తండ్రి అబ్దుల్ మలిక్ ఆమెకిచ్చిన విలువైన నగలు ఆమె వద్ద ఉన్నాయి. వాటిని బైతుల్ మాల్‌కు ఇచ్చెయ్యి, లేదా నన్ను విడిచి వెళ్ళడానికి అనుమతించు, నేనూ ఆ నగలూ ఒకే ఇంట్లో ఉండలేమని ఆయన అన్నారు. ఆమె ఆయన్నే ఎన్నుకున్నారు. ఆయన మరణించాక కొత్త ఖలీఫా అయిన ఆమె సోదరుడు యజీద్ ఆ నగలను తిరిగి ఇవ్వబోతే, ఆయన బ్రతికుండగా విధేయత చూపి, చనిపోయాక అవిధేయత చూపలేనని ఆమె నిరాకరించారు.

ఇలా తనదీ, తన ఇంటిదీ లెక్క తేల్చుకున్న తరువాతే ఆయన బంధువుల వైపు తిరిగారు. వారు కోపగించుకున్నారు, బతిమాలుకున్నారు, బెదిరించారు. కాని ముందు మీ సంగతి చూసుకోండి అనే ఒక్క మాట మాత్రం అనలేకపోయారు. ఆ మాటకు ఆయన చోటే ఇవ్వలేదు.

దీపం సంగతి

ఒక రాత్రి ఆయన వద్ద అతిథి ఉండగా దీపం కొడిగట్టింది. సేవకుణ్ణి లేపనా అని అతిథి అడిగారు. వద్దు, ఇప్పుడే నిద్రపోయాడన్నారు. పోనీ, నేను సరిచేస్తానంటే, అతిథిచేత పని చేయించుకోవడం మర్యాద కాదన్నారు. స్వయంగా లేచి దీపంలో నూనె పోసి వచ్చి కూర్చుని, లేచినప్పుడూ నేను ఉమర్‌నే, ఇప్పుడూ ఉమర్‌నే అన్నారు. ప్రభుత్వ పనికి ప్రభుత్వ దీపం, సొంత పనికి సొంత దీపం వాడేవారన్న సంగతి కూడా చరిత్రకారులు ఉల్లేఖించారు. పెద్ద సామ్రాజ్యాన్ని ఏలే మనిషి చెంచాడు నూనెకు లెక్క చెప్పుకున్నాడు.

తన తప్పు తనకు కనబడకపోవచ్చని కూడా ఆయనకు తెలుసు. అందుకే అమ్ర్ బిన్ ముహాజిర్ అనే సహచరుడితో, నేను సత్యం నుంచి పక్కకు తొలగడం చూస్తే నా చొక్కా పట్టుకుని కుదిపి, ఉమర్, ఏం చేస్తున్నావని అడుగు అని చెప్పి ఉంచారు. మనకు చుట్టూ పొగిడేవారు ఉన్నారు. మన చొక్కా పట్టుకుని ఆపేవారు ఒక్కరైనా ఉన్నారా?

ఒకసారి కుమారుడు అబ్దుల్ మలిక్ సంస్కరణలన్నీ ఒకేసారి ఎందుకు అమలు చేయరని తొందరపెట్టాడు. అప్పుడాయన, మద్యాన్ని అల్లాహ్ కూడా దశలవారీగానే నిషేధించాడని గుర్తుచేసి, సత్యాన్నంతా ఒకేసారి జనం నెత్తిన పెడితే వారు ఒకేసారి దాన్నంతా విసిరేస్తారేమోనని నా భయమన్నారు. తన విషయంలో జుహ్ర్ దాకా కూడా ఆగని మనిషి ప్రజల విషయంలో ఓర్పు వహించారు. మనం సాధారణంగా దీనికి విరుద్ధంగా చేస్తాం. మన తప్పులకు గడువు మీద గడువు ఇచ్చుకుంటాం, ఎదుటివాడు మాత్రం ఇప్పుడే, ఇక్కడే మారాలంటాం.

ఆయన పాలించింది సుమారు రెండున్నర సంవత్సరాలే. హి.శ. 101లో (క్రీ.శ. 720) ఆయన కన్నుమూశారు. ఆ కొద్దికాలంలోనే ఇస్లాం స్వీకరించినవారి నుంచి జిజియా వసూలు చేయడాన్ని మాన్పించారు. మింబర్లపై నుంచి హజ్రత్ అలీ (రజి)ని దూషించే దురాచారాన్ని రూపుమాపారు. హదీసులను సేకరించి వ్రాయించమని మదీనాకు ఉత్తరం వ్రాశారు. నగరానికి గోడ కట్టించుకోవడానికి నిధులు కావాలని ఒక అధికారి వ్రాస్తే, దాన్ని న్యాయంతో పటిష్ఠం చెయ్యి, వీధుల నుంచి అన్యాయాన్ని ఊడ్చెయ్యి అని సమాధానమిచ్చారు. జకాత్ వసూలుకు ఆఫ్రికా ప్రాంతానికి వెళ్ళిన యహ్యా బిన్ సయీద్, దాన్ని పుచ్చుకునే పేదలు కనబడక ఆ సొమ్ముతో బానిసలను కొని విడుదల చేశానని తెలిపారు.

ఆజ్ఞ కన్నా ఆచరణ మిన్న

అసలు ఈ మార్గం చూపినది మన ప్రవక్త (స)యే. హి.శ. 6లో (క్రీ.శ. 628) హుదైబియా ఒప్పందం కుదిరింది. ఉమ్రా చేయకుండానే వెనక్కి మళ్ళాలి. సహాబాల గుండెలు బరువెక్కాయి. లేచి ఖుర్బానీ ఇవ్వండి, తల గొరిగించుకోండని ప్రవక్త (స) మూడుసార్లు చెప్పినా ఎవరూ కదల్లేదు. ఆయన గుడారంలోకి వెళ్ళి హజ్రత్ ఉమ్మె సలమా (రజి)తో తన బాధ చెప్పుకున్నారు. మీరు ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి మీ ఒంటెను జిబహ్ చేయండి, క్షురకుణ్ణి పిలిచి తల గొరిగించుకోండని ఆమె సలహా ఇచ్చారు. ఆయన అలాగే చేశారు. చూసిన మరుక్షణం అందరూ లేచారు. మూడుసార్లు చెప్పినా జరగని పని ఒక్కసారి చేసి చూపగానే జరిగింది. భార్య ఇచ్చిన మంచి సలహాను స్వీకరించడం నాయకుడికి చిన్నతనం కాదన్న పాఠమూ ఇందులో ఉంది.

హజ్రత్ ఉమర్ ఫారూఖ్ (రజి) ప్రజలను దేన్నుంచైనా వారించదలిస్తే ముందు తన కుటుంబాన్ని సమావేశపరిచేవారు. పక్షులు మాంసాన్ని చూసినట్లు జనం మిమ్మల్ని చూస్తుంటారు, మీలో ఎవరైనా ఈ తప్పు చేస్తే రెట్టింపు శిక్ష విధిస్తానని హెచ్చరించేవారు. తమవాళ్ళకు రాయితీ, పరాయివాళ్ళకు చట్టం అనే పద్ధతి ఆయన ఇంట చెల్లలేదు.

మన ఇల్లు, మన మస్జిద్

ఇక మన సంగతి చూద్దాం. అప్పులవాడు తలుపు తడతాడు. అబ్బా ఇంట్లో లేరని చెప్పిరా అని కొడుకును పంపుతాం. అదే సాయంత్రం, అబద్ధం చెప్పకూడదు బేటా అని వాడికి దీనియాత్ పుస్తకం చదివిస్తాం. వాడు రెండింటిలో ఏది నేర్చుకుంటాడు? ప్రవక్త (స) సమక్షంలో ఒక తల్లి తన బిడ్డను, రా, ఒకటిస్తానని పిలిచింది. ఏమివ్వదలిచావని ఆయన అడిగారు. ఖర్జూరం అని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ పేర ఒక అబద్ధం వ్రాయబడేదని ఆయన అన్నారు. చిన్నపిల్లలతో ఆడే మాటకు కూడా లెక్క ఉందన్నమాట.

మస్జిద్ కమిటీల విషయం కూడా దాచుకోవలసిన పని లేదు. కొన్నిచోట్ల కమిటీ పదవుల కోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తున్నారు. జుమా రోజు చందా పోగవుతుంది, లెక్క మాత్రం గోడమీదికి ఎక్కదు. ఇమాం గారి జీతం రెండు నెలలు ఆలస్యమైనా ఎవరికీ నిద్ర చెడదు. ఇదంతా మన యువకులు చూస్తూనే ఉన్నారు. వాళ్ళు మస్జిద్‌కు దూరమవుతున్నారని వాపోయే పెద్దలు, వారిని దూరం చేస్తున్నదేమిటో కూడా ఆలోచించాలి. ఆచరించనిదాన్ని చెప్పడం అల్లాహ్‌కు ఎంతో అసహ్యకరమైన విషయమని ఖుర్‌ఆన్ హెచ్చరించింది (61:2-3). ఆ హెచ్చరిక విశ్వాసులను ఉద్దేశించి చేసినదే.

ఈ నెలలోనే మొదలుపెడదాం

కనుక సోదర సోదరీమణులారా, ప్రతి ఇంటిలోనూ ఆచరించదగిన కొన్ని విషయాలు మనవి చేస్తున్నాను.

ఇషా నమాజు తరువాత ఐదు నిమిషాలు ఒంటరిగా కూర్చోండి. ఈ రోజు ఎవరి హక్కు నా దగ్గర ఉండిపోయిందని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. మన లెక్క తీసుకోబడక ముందే మనమే లెక్క చూసుకోవాలన్నది హజ్రత్ ఉమర్ (రజి) ఉపదేశం.

తిరిగి ఇవ్వవలసినది ఏదైనా ఉంటే ముందు అది ఇచ్చేయండి. చెల్లెలికి రావలసిన వారసత్వ భాగం, భార్యకు బాకీపడ్డ మహర్, పనివాడి కూలి, పొరుగువాడి గట్టు. వీటిని ఉంచుకుని చేసే ప్రసంగానికి బరువుండదు.

ఇంట్లో ఏ నియమం పెట్టినా దాన్ని ముందు మీరు పాటించండి. పిల్లల చేతిలోని సెల్‌ఫోన్ తీయించాలంటే ముందు మీ చేతిలోది పక్కన పెట్టండి. ఫజ్ర్‌కు వాళ్ళు లేవాలంటే మీ దీపం ముందు వెలగాలి.

మీ తప్పును మొహం మీద చెప్పే ఒక్క మనిషినైనా మీకు దగ్గరగా ఉంచుకోండి. ఆ మనిషి మీ భార్య కావచ్చు, మీ కొడుకు కావచ్చు, మస్జిద్‌లో చివరి వరుసలో నిలబడే కూలీ కావచ్చు. మొదటి ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) క్రీ.శ. 632లో తన తొలి ప్రసంగంలోనే, నేను మీలో అందరికన్నా మంచివాణ్ణి కాను, సరిగా నడిస్తే సహకరించండి, తప్పు చేస్తే సరిదిద్దండని ప్రజలను కోరారు. ఆయనకే అవసరమైనది మనకు అవసరం లేదా?

చేతిలో ఉమ్మడి సొమ్ము ఉన్నవారు అది పది రూపాయలైనా సరే, లెక్క వ్రాసి నలుగురికీ కనబడేలా పెట్టండి. పొదుపు సంఘం పుస్తకం చూసే సోదరీమణులకూ ఇది వర్తిస్తుంది. అడగకముందే లెక్క చూపినవారిని ఎవరూ అనుమానించరు.

ఇవన్నీ చేసినా మనకు పదవి రాకపోవచ్చు. రాకపోతే నష్టమేమీ లేదు. కాపరిగా మన లెక్క తేలికవుతుంది, అది చాలు. ఒకవేళ వస్తే, తన పత్రాలను తానే కత్తిరించుకున్న ఆ ఖలీఫాలా ఎవరి కళ్ళలోకైనా సూటిగా చూసి న్యాయం చెప్పగలుగుతాం.

అల్లాహ్ మనకు మన లోపాలను చూసే కన్ను, వాటిని ఒప్పుకునే మనస్సు, దిద్దుకునే శక్తి ప్రసాదించుగాక! మన ఆలుబిడ్డలను మనకు కంటిచలువగా చేసి, మనల్ని వారికి మంచి మార్గం చూపే కాపరులుగా తీర్చిదిద్దుగాక! ఆమీన్.